పేరుకి పులి.. తోలేది గొర్రెల్ని!

"కింద పులి ఉంది, భయపడకు" అంది ఇంటి ఓనరమ్మ. నేను బుడాపెస్ట్‌లో దిగి అప్పటికి రెండు గంటలైంది. ఆఫీసువాళ్లు ఆర్నెల్ల ఆన్‌సైట్ అని పంపించారు. ఆవిడ ఇంగ్లిష్ అంతంత మాత్రం. యాస వల్ల నాకు క్లియర్‌గా వినపడింది ఒక్క మాటే, అదీ తెలుగు మాట! తలుపు తీయగానే ఇల్లు తుడిచే నల్ల మాప్ ఒకటి మెట్ల మీద నుంచి గెంతుకుంటూ వచ్చి నా షూ వాసన చూసింది.

అది కుక్క. దాని జాతి పేరే పులి. హంగేరియన్లు కూడా అచ్చం మనలాగే పలుకుతారు. ఒకటుంటే పులి, నాలుగుంటే 'పులిక్'. ఈ పులిగారి ముద్దుపేరు మోర్జా, అంటే రొట్టె తునక. ఫొటో చూస్తే మీరూ గుర్తుపడతారు. 2011లో జుకర్‌బర్గ్ ఇంటికొచ్చిన 'బీస్ట్' ఈ జాతిదే. హైదరాబాద్‌లో నా ఫ్లాట్‌మేట్‌కి వీడియో పంపితే పది నిమిషాల్లో రిప్లై: "మామా, వచ్చేటప్పుడు ఒక పిల్లని పట్టుకొచ్చెయ్. ఖర్చు చెరి సగం." నాకూ ఆశ పుట్టింది. అబద్ధమెందుకు, పెంచేవాళ్ల నంబర్ కూడా తీసుకున్నా.

ఆ బొచ్చు సంగతి చెప్పాలి. మొదటి రోజు దానికి ముందేదో వెనకేదో తెలియక తోక వైపు బిస్కెట్ పెట్టాను. తోక వీపు మీదికి చుట్టుకుని బొచ్చులో కలిసిపోతుంది. చెవులు వేలాడుతూ అందులోనే మాయం. ఆ జడలు ఎవరూ అల్లినవి కావు. పైన గరుకు వెంట్రుక, లోపల మెత్తటి నూగు ఉంటుంది. మామూలు కుక్కల్లో ఊడిన నూగు సోఫా మీద పడుతుంది, ఇక్కడ మాత్రం పై వెంట్రుకల్లో చిక్కుకుని పురి తిరుగుతుంది. పిల్లప్పుడు ఉత్త బొచ్చు బంతే. తొమ్మిదో నెల అటూ ఇటూ ఉండలు కట్టడం మొదలవుతుంది. అప్పటి నుంచి యజమాని కూర్చుని వేళ్లతో పాయలు పాయలుగా విడదీయాలి. వదిలేస్తే ఒళ్లంతా ఒకే చాపలా అట్టకట్టేస్తుంది. జడలు నేలని తాకడానికి నాలుగైదేళ్లు పడుతుంది. ఓనరమ్మ టీవీ సీరియల్ చూస్తూ మన అమ్మమ్మలు చిక్కుడుకాయలు ఒలిచినట్టు ఆ పని చేసేది.

ఇంత ఆర్భాటం కింద కుక్క ఎంత ఉంటుందనుకున్నారు? మగదాని ఎత్తు 39 నుంచి 45 సెంటీమీటర్లు, బరువు 13 నుంచి 15 కిలోలు. ఖాళీ గ్యాస్ సిలిండర్ కూడా అంతకంటే కాస్త ఎక్కువే తూగుతుంది. ఆడది ఇంకా చిన్నది. చలాకీ శరీరం, చిన్న చిన్న అడుగులు, బంతిలా ఎగిరే నడక. నలుపే కాదు.. తెలుపు, బూడిద రంగు, నల్ల మూతి ఉన్న గోధుమ రంగు కూడా ఉన్నాయి. అయితే గొర్రెల మధ్య దూరం నుంచి కనపడుతుందని కాపరులు నల్లదాన్నే ఇష్టపడేవాళ్లంటారు.

ఈ వీడియోలన్నీ మహబూబ్‌నగర్ దగ్గర మా ఊళ్లో ఉన్న తాతకి చూపించాను. మేం కురుమలం. తాత అరవై ఏళ్లు గొర్రెలు కాసిన మనిషి. చూసి నవ్వుతాడనుకుంటే ఇంటర్వ్యూ మొదలుపెట్టాడు.

"కండ్లు కానొస్తయా బిడ్డా దానికి?"

తెలియదు. వెళ్లి దూరం నుంచి రొట్టె ముక్క విసిరాను. గాల్లోనే అందుకుంది. కళ్ల ముందు జడలు పూసల తెర లాంటివి. మనకి దాని కళ్లు కనపడవు గానీ, అది సందుల్లోంచి చూస్తూనే ఉంటుంది.

"తోడేలొస్తే ఏం జేస్తది?"

మొరుగుతుంది, అది కూడా చెవులు చిల్లులు పడేలా. పోట్లాట దాని డ్యూటీ కాదు. దానికి 'కొమొందోర్' అని ఇంకో జాతి ఉంది. అదీ జడలదే, కాకపోతే తెల్లది. మగదైతే 70 సెంటీమీటర్లకి తగ్గదు, 50 కిలోల పైమాటే. పగలు మందని మళ్లించేది పులి, రాత్రి కాపలా కాసేది కొమొందోర్. కిక్కిరిసిన మందలో పులి గొర్రెల వీపుల మీదుగా ఉరికి అవతలికి పోతుందని కూడా చెబుతారు. తాత ఈ ముక్క నమ్మలేదు.

"వానల తడిస్తే?"

జడలు గట్టిగా ఉంటాయి కాబట్టి వాన, చలి చర్మం దాకా తొందరగా పోవు. తాత వెంటనే అన్నాడు, "అట్లనా! గొంగడి కప్పుకున్న కుక్క." నేను గూగుల్ చేసి చదివిన నాలుగు పేజీలు మూడు మాటల్లో తేల్చేశాడు. దక్కనీ గొర్రె ఉన్నితో నేసిన నల్ల గొంగడి కూడా అంతే కదా, వానలో మనిషికి గొడుగు.

ఆ తర్వాతి ప్రశ్నకే నేను చిక్కాను. "మరి నానినంక ఎండుడెట్ల?"

ఆ ఆదివారం మోర్జాకి స్నానం చేయించారు. పిండారు, టవళ్లు కప్పారు, ఫ్యాన్ పెట్టారు. సోమవారం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి కూడా జడల మధ్య వేలు పెడితే తడి. సరిగ్గా ఆరకపోతే వాసన, బూజు. నేను మియాపూర్‌లో మా ఫ్లాట్ గురించి ఆలోచించాను. జూలై, ఆగస్టుల్లో మా బాల్కనీలో జీన్స్ ప్యాంటే రెండ్రోజులకి ఆరదు. పొద్దున తొమ్మిదికి తాళం వేస్తే రాత్రి తొమ్మిదికి తీస్తాం. అప్పటిదాకా పరిగెత్తడానికి పుట్టిన కుక్క ఏం చేస్తుంది? ఓనరమ్మ మనవలు పార్కులో చెల్లాచెదురైతే మోర్జా చుట్టూ తిరిగి వాళ్లని ఒకచోటికి తోలుకొచ్చేది. మా ఫ్లాట్‌లో తోలడానికి ఉన్నది మేమిద్దరమే.

అడ్వాన్స్ కట్టలేదు. ఫ్లాట్‌మేట్ వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

చరిత్ర సంగతి తర్వాత తెలిసింది. పులి ఒక దశలో దాదాపు పోయినంత పనైంది. జర్మనీ, ఫ్రాన్స్ కాపరి కుక్కలతో కలిసిపోయి అసలు రూపం చెదిరింది. ఆ కలయికలోంచి 'పూమి' అనే ఇంకో జాతి కూడా పుట్టింది. 1912లో ఎమిల్ రైచిచ్ అనే ఆయన బుడాపెస్ట్ జూ సాయంతో మిగిలిన పులిక్‌ని ఏరి మళ్లీ జాతిని నిలబెట్టాడు. 1935లో అమెరికా వ్యవసాయ శాఖ మేరీలాండ్‌లోని తన పరిశోధన క్షేత్రానికి నాలుగింటిని తెప్పించుకుంది, మందలు తోలడంలో ఎలా పనికొస్తాయో చూద్దామని.

ఇది తాతకి చెబితే కాసేపు ఏం మాట్లాడలేదు. మా ఊళ్లో ఇప్పుడు దక్కనీ గొర్రెలు లేవు. ఉన్ని కొనేవాళ్లు లేకపోవడంతో అందరూ మాంసం కోసం బొచ్చు తక్కువుండే నెల్లూరు గొర్రెలకి మారారు. తాత కూడా మారాడు, ఆయన్ని నేనేమీ అనలేను. "మనకాడ గట్ల ఏరెటోడు ఎవడున్నడు" అని మాత్రం అన్నాడు. తర్వాత, "ఆ కుక్కకు గొర్రెల లెక్కనే కత్తెరేస్తరా?" అని అడిగాడు. అవును, పనిచేసే పులిక్‌కి గొర్రెలతో పాటే బొచ్చు కత్తిరించేవాళ్లట. ఆ జవాబు ఆయనకి బాగా నచ్చింది. జుకర్‌బర్గ్ కుక్క అంటే రాని గౌరవం దీంతో వచ్చింది.

తిరిగొచ్చాక సంక్రాంతికి ఊరెళ్లాను. తాత పెట్టె అడుగు నుంచి తన గొంగడి తీసి ఎండలో పరిచాడు. రెండు చోట్ల పురుగు కొట్టింది. ఇద్దరం అరుగు మీద కూర్చుని అట్టకట్టిన ఉన్ని వేళ్లతో విడదీస్తూ మధ్యాహ్నం దాకా గడిపాం. "దాని పేరు నిజంగ పులేనా?" అని మళ్లీ అడిగాడు.