సైన్స్ ఆఫీసర్లకే కాదు, మద్దిచెట్టు కింద ఉన్న మనకూ కావాలె



ఈసారి కాయ రేట్ల గురించి కాకుండా వేరే సంగతి రాస్తున్నం. "సైన్స్ మనకెందుకు? అది చదువుకున్నోళ్ల పని. వాళ్లు గుడ్లు ఇస్తరు, మనం పెంచుతం, కాయ అమ్ముతం, అంతే" అని మనలో చాలామంది అంటరు. మల్బరీ రైతులూ అంటరు, మాలాగ మద్దిచెట్ల మీద దసలి పురుగు పెంచేటోళ్లూ అంటరు. ఈ మాట వల్ల మన పంటకు ఏం నష్టం జరుగుతుందో, కొంచెం తెలిసి ఉంటే ఏం మిగులుతుందో మన పంటలో నుంచే చూద్దాం.

*మంచి కాయ, చెడ్డ విత్తనం*

ముందు పెబ్రిన్ రోగం తీసుకుందాం. ఇది కంటికి కనపడని సూక్ష్మజీవి వల్ల వస్తుంది. రోగం ఉన్న పురుగు రెట్ట ఆకు మీద పడుతుంది, ఆ ఆకు తిన్న పురుగుకు రోగం అంటుతుంది. అంతటితో ఆగదు. తల్లి సీతాకోకలో రోగం ఉంటే అది గుడ్డులోకే దిగుతుంది. అంటే పిల్ల పుట్టడమే రోగంతో పుడుతుంది.

ఇక్కడ మోసం ఎక్కడుందంటే, పురుగు ఆఖరి దశలో రోగం తగిలితే అది చావదు. తిండి తింటుంది, గూడు కడుతుంది, కాయ కూడా గట్టిగా ఉంటుంది. మనం ఆ కాయను చేతిలో పట్టుకొని "ఇంత మంచి కాయ, అమ్ముడెందుకు, విత్తనానికి పెడదాం" అనుకుంటం. దాని నుంచి వచ్చిన తల్లి గుడ్లు పెడుతుంది. ఆ గుడ్ల పిల్లలు ఒక సైజుగా పెరగవు. కొన్ని జ్వరానికి పోయి లేస్తయి, కొన్ని లేవవు. ఒంటి మీద మిరియపు పొడి చల్లినట్టు నల్ల చుక్కలు వస్తయి. పెబ్రిన్ అనే పేరు కూడా ఫ్రాన్స్ దక్షిణం వైపు జనం మిరియానికి వాడే మాట నుంచే వచ్చింది.

అప్పుడు మనం ఏమంటం? "చెట్టు మంచిగ లేదు", "వాన ఎక్కువైంది", "ఎవరి దిష్టో తగిలింది" అంటం. అసలు కారణం పోయిన పంటలోనే ఉంది. కంటికి మంచిగ కనపడ్డ కాయలోనే ఉంది. కాయను చూసి విత్తనం మంచిదో చెడ్డదో చెప్పడం ఎంత అనుభవం ఉన్నోళ్లకైనా కుదరదు. దానికి సూక్ష్మదర్శిని కావాలె.

*ఒక దేశం మొత్తం మునిగిన కథ*

ఈ కష్టం మన ఒక్కరిదే కాదు. సుమారు 170 ఏండ్ల కింద ఫ్రాన్స్‌లో పట్టు రైతులు ఇదే రోగంతో కూలిపోయారు. 1853లో అక్కడ సుమారు 26 వేల టన్నుల కాయ పండేది. 1865 నాటికి అది 4 వేల టన్నులకు పడిపోయింది. రైతులు ఏం చేశారు? ఇక్కడి విత్తనం చెడిపోయిందని ఇటలీ నుంచి తెచ్చారు. అదీ చెడితే టర్కీ వైపు నుంచి, చివరికి జపాన్ నుంచి తెచ్చారు. విత్తనంతో పాటు రోగమూ దేశం నుంచి దేశానికి పోయింది. "ఈ ఊరి విత్తనం బాగలేదు, పక్క ఊరిది తెద్దాం" అని మనం చేసేది కూడా ఇదే పని, చిన్న ఎత్తున.

1865లో లూయీ పాశ్చర్ అనే శాస్త్రవేత్తను అక్కడి ఆలెస్ అనే ఊరికి పంపించారు. ఆయనకు పట్టుపురుగు గురించి ఏమీ తెలియదు. పురుగుల గురించి రాసే ఫాబ్ర్ అనే పెద్దమనిషి ఆయన చేతికి ఒక కాయ ఇస్తే, చెవి దగ్గర ఊపి, లోపల ఏదో ఉన్నదే అని ఆశ్చర్యపోయాడట. ఈ సంగతి ఫాబ్రే రాశాడు. కాయలో ఏముంటదో మన ఇంట్లో అయిదేండ్ల పోరగానికి తెలుసు. అంటే పాశ్చర్ దగ్గర ఉన్నది పట్టు అనుభవం కాదు. విడిగా పెట్టి చూడడం, పోల్చి చూడడం, రాసి పెట్టుకోవడం, తన అంచనా తప్పని తేలితే దాన్ని వదిలేయడం, ఇవి ఉన్నయి. మొదట్లో ఆ చుక్కల జీవే రోగానికి కారణం అని ఆయన నమ్మలేదు. పరీక్షలు వేరే చెప్పేసరికి మాట మార్చుకున్నాడు. అందరూ ఒకటే రోగం అనుకుంటున్నది నిజానికి రెండు రోగాలు, పెబ్రిన్, ఫ్లాచరీ, అని కూడా తేల్చాడు.

ఆయన చెప్పిన ఉపాయం చాలా సులువు. ఒక్కొక్క తల్లిని విడిగా గుడ్లు పెట్టనియ్యాలె. తరువాత ఆ తల్లిని నూరి సూక్ష్మదర్శిని కింద చూడాలె. రోగం కనపడితే ఆ తల్లి గుడ్లన్నీ నాశనం చేయాలె. కనపడకపోతే ఆ గుడ్లు ఉంచుకోవాలె. ఈ రోజు మనం డీఎఫ్ఎల్ అని పిలిచేది ఇదే. ఒక డీఎఫ్ఎల్ అంటే రోగం లేదని తేలిన ఒక తల్లి పెట్టిన గుడ్లు. రాంచీలో 1964 నుంచి ఉన్న కేంద్ర దసలి పరిశోధన సంస్థ అయినా, బిలాస్‌పూర్ కేంద్రంగా ఉన్న దసలి విత్తన సంస్థ అయినా, ఈ పద్ధతినే నమ్ముకొని పనిచేస్తున్నయి.

అప్పుడు కూడా "సూక్ష్మదర్శిని పల్లెటూరి జనంతో అయ్యే పని కాదు" అన్నోళ్లు ఉన్నారు. మా ప్రయోగశాలలో ఎనిమిదేండ్ల ఆడపిల్ల కష్టం లేకుండా నేర్చుకుంది అని పాశ్చర్ వాళ్లకు జవాబు చెప్పాడు. ఈ సంగతి మాకు బాగా నచ్చింది. ఎనిమిదేండ్ల పిల్ల నేర్చినది మనం నేర్వలేమా?

*మనకు తెలిస్తే చాలదు, పక్కోళ్లకూ తెలవాలె*

"సరే, పట్టు రైతుకు కావాలె. ఊరందరికీ ఎందుకు?" అని అడగొచ్చు. ఎందుకంటే మన పంట మన చేతిలో ఒక్కటే లేదు.

పక్క చేనులో పత్తి, మిరప ఉంటుంది. పురుగు మందు కొట్టేటప్పుడు గాలి మన చెట్ల వైపు ఉంటే ఆ తుంపర ఆకు మీద పడుతుంది. మిరపను తినే పురుగును చంపే మందుకు మన పురుగు వేరు అని తెలియదు. ఈ ఒక్క సంగతి పక్క రైతుకు అర్థమైతే గాలి చూసి కొడతడు, ముందు రోజు మనకు చెప్తడు. అర్థం కాకపోతే కొట్లాట అయితది, పంటా పోతది.

ఊజి ఈగ కూడా అంతే. అది పురుగు ఒంటి మీద తెల్లటి గుడ్డు పెడుతుంది. దాని పిల్ల లోపలికి పోయి తిని, బయటకు వచ్చి మట్టిలో దాక్కొని మళ్లీ ఈగ అయితది. ఇది తెలిసినోడు ఊజి పట్టిన పురుగును ఏరి కాల్చేస్తడు. తెలియనోడు చెట్టు మొదట్లో పారేస్తడు. ఒక్కడు పారేస్తే ఈగలు అందరి చెట్లకూ వస్తయి.

పంట పోయినప్పుడు కారణం తెలియకపోతే ఇంకో పెద్ద ప్రమాదం ఉంది. మనసు మనిషి మీదికి పోతది. "ఫలానా ఆమె చూసింది", "బాణామతి చేసిండు" అంటరు. మన గడ్చిరోలి జిల్లాలో ఈ అనుమానం మీద ప్రాణాలు పోయిన సంగతులు మనకు తెలుసు. మహారాష్ట్రలో 2013లో చేతబడి, నరబలి లాంటి వాటి మీద చట్టం వచ్చింది. అయితే పోలీసులు వచ్చేది అయిపోయిన తరువాత. ముందే ఆపేది, చచ్చిన పది పురుగులను పరీక్షకు పంపి, కారణం ఇది అని నలుగురిలో చెప్పగలిగే మనిషి. అట్లాంటి మనుషులు ఊరికి ఒక్కరు ఉంటే చాలదు, వినేటోళ్లకు కూడా ఆ మాట అర్థం కావాలె.

*పెద్దల నియమాలు అన్నీ తప్పా?*

కాదు. స్నానం చేసి, ఉతికిన బట్ట కట్టుకొని చెట్ల దగ్గరికి పోవాలె అన్నరు. అది మంచిది, చేతికీ బట్టకూ అంటిన రోగం పోతుంది. కొత్తోళ్లను పెంపకం దగ్గరికి రానియ్యద్దు అన్నరు. అదీ మంచిదే, వేరే తోట నుంచి వచ్చినోళ్లు రోగం మోసుకురావచ్చు. నెలసరిలో ఉన్న ఆడవాళ్లు చెట్ల కిందికి రావద్దు అన్నరు. దీనికి మాత్రం ఏ ఆధారం లేదు. రోగం వచ్చేది సూక్ష్మజీవి నుంచి, ఆడవాళ్ల నుంచి కాదు. పైగా పిల్ల పురుగులను ఓపికగా చూసుకునే చేతులను ఆ నాలుగు రోజులు మనమే దూరం పెట్టుకున్నట్టు అయితది.

కాబట్టి నియమాన్ని పాతదని పారేయద్దు, పాతదని మొక్కద్దు. "ఇది ఎందుకు పనిచేస్తుంది?" అని ఒక్క ప్రశ్న వేయాలె. జవాబు దొరికితే ఇంకా గట్టిగా పాటించాలె.

*లెక్క కూడా సైన్సే*

మల్బరీ పెంపకం గది కడగడానికి 2 శాతం బ్లీచింగ్, 0.3 శాతం సున్నం నీళ్లు అని రాస్తరు. శాతం అర్థం కాకపోతే గుప్పెళ్లతో వేస్తం. 2 శాతం అంటే 100 లీటర్ల నీళ్లకు 2 కిలోలు. 0.3 శాతం అంటే 300 గ్రాములు. బ్లీచింగ్ సంచి నోరు తెరిచి పెడితే అందులోని క్లోరిన్ గాలికి పోతుంది. ఆ తరువాత ఎంత వేసినా రోగం చావదు, పైసలు మాత్రం పోతయి.

ఇంకో లెక్క. 100 డీఎఫ్ఎల్స్ తెచ్చినం, ఒక్కొక్కదానిలో 200 గుడ్లు అనుకుందాం. అంటే 20 వేల గుడ్లు. చివరికి 5 వేల కాయలు వచ్చినయి. మిగతా 15 వేలు ఏ దశలో పోయినయి? గుడ్డు పగలలేదా, చిన్నప్పుడు చీమలు, పిట్టలు తిన్నయా, పెద్దయినంక రోగం వచ్చిందా? గుర్తు పెట్టిన రెండు చెట్ల మీద ప్రతి జ్వరం తరువాత లెక్కపెట్టి నోట్‌బుక్కులో రాస్తే జవాబు దొరుకుతుంది. అప్పుడు ఏ దశలో జాగ్రత్త పెంచాలో తెలుస్తుంది.

"ఒక్క డోసుతో అన్ని రోగాలు మాయం" అని ఫోన్లో మెసేజ్ వస్తే కూడా ఇదే పద్ధతి. ఒకటే విత్తనం, ఒకటే రోజు, ఒకటే తీరు చెట్లు. సగం చెట్లకు మందు, సగానికి వద్దు. చివరికి కాయ లెక్కపెట్టండి. తేడా లేకపోతే ఆ పొడికి మళ్లీ పైసలు పెట్టకండి. పెబ్రిన్‌కు అయితే రైతు వాడుకునే మందు లేదు, మంచి విత్తనమే దారి. దాన్ని నయం చేస్తమని అమ్మేటోళ్ల మాట నమ్మొద్దు.

*మనం ఏం చేద్దాం*

మన జిల్లాలోనే ధానోరా తాలూకాలో మెండా లేఖా ఉంది. 2009లో అడవి మీద సామూహిక హక్కు పొందిన ఊరు. అక్కడ ఊరివాళ్లు అభ్యాస మండలి పెట్టుకొని, బయటి తెలిసినోళ్లను కూడా పిలిచి, విషయం చర్చించి, ఆ తరువాత గ్రామసభలో నిర్ణయం తీసుకుంటరు. అట్లాంటిదే పట్టు మీద మనమూ పెట్టుకోవచ్చు. రాజ్యాంగంలో 1976లో చేర్చిన పౌర విధుల్లో శాస్త్రీయ దృష్టి పెంచుకోవడం కూడా ఒకటి. అది పట్నం పౌరులకే రాసింది కాదు.

మన సరిహద్దు ఊళ్లలో ఒక ఇబ్బంది ఉంది. కాగితాలు మరాఠీలో, హిందీలో, ఇంగ్లీషులో వస్తయి, ఇంట్లో మాట తెలుగు, గోండి. అందుకే ఈ నాలుగు పనులు చేద్దాం:

1. గుడ్లు తీసుకునేటప్పుడు "తల్లి పరీక్ష అయిందా, ఏ తేదీన?" అని అడగాలె. అడగడం తప్పు కాదు.
2. పురుగులు చస్తే పారేయకుండా కొన్ని డబ్బాలో పెట్టి, చెట్టు, తేదీ రాసి పరీక్షకు ఇవ్వాలె. మిగతావి కాల్చాలె.
3. బడికి పోయే పిల్లలతో కాగితాలు తెలుగులో చదివించుకోవాలె. సూక్ష్మజీవుల పాఠం వాళ్ల పుస్తకంలో ఉంది, పిల్లలూ సంతోషపడతరు.
4. గ్రామసభలో పత్తి, మిరప రైతులను కూడా పిలిచి, మందు కొట్టే రోజుల మాట ఒకటి చేసుకోవాలె.

మీ ఊళ్లో గుర్తు చెట్ల లెక్క రాసినోళ్లు ఆ పేజీ ఫోటో గ్రూపులో పెట్టండి. పంట మంచిగ వచ్చినా పెట్టండి, పోయినా పెట్టండి. నాలుగు ఊళ్ల లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే, ఒక్క ఊళ్లో అర్థం కానిది అర్థమయితది.