పిల్లాడు కుదురుగా ఉండడు, గల్లీ మనకు కొత్త... ఏం చేయాలి?

నల్గొండ, మహబూబ్‌నగర్, ఖమ్మం వైపు నుంచి పని కోసం హైదరాబాద్ వచ్చిన ముస్లిం కుటుంబాలు బాలాపూర్, ఎర్రకుంట, షాహీన్ నగర్ గల్లీల్లో చాలానే ఉన్నాయి. ఇక్కడ ఇళ్ళు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. పాతవాళ్ళందరూ ఒకరికొకరు తెలిసినవాళ్ళు, చాలామంది బంధువులు కూడా. ఇంట్లో తెలుగు మాట్లాడే మనం మాత్రం కొత్తవాళ్ళం. ఉర్దూ వచ్చినా మన యాస వేరు.

అలాంటి చోట నాలుగైదేళ్ళ పిల్లాడు ఒక్క నిమిషం కూడా నిలవకపోతే తల్లిదండ్రులకు రెండు కష్టాలు. ఒకటి పిల్లాడిని సంభాళించడం, రెండోది గల్లీ నోరు. పాతవాళ్ళ పిల్లాడు అల్లరి చేస్తే ‘బచ్చా హై’ అని నవ్వి ఊరుకుంటారు. అదే అల్లరి మన పిల్లాడు చేస్తే ‘కొత్తగా వచ్చినోళ్ళకు తర్బియత్ తెల్వదు’ అంటారు. ఆ మాటకు భయపడి కొందరు నలుగురి ముందే పిల్లాడిని కొడతారు. మరికొందరు తలుపు వేసి ఇంట్లోనే ఉంచేస్తారు. రెండూ పిల్లాడికి చేటే.

అల్లరా, జబ్బా?

మూడు, నాలుగేళ్ళ పిల్లలందరూ పరుగెత్తుతారు, అది జబ్బు కాదు. తోటి పిల్లలకన్నా చాలా ఎక్కువగా, కనీసం 6 నెలలుగా, ఇంట్లోనూ బడిలోనూ ఒకేలా ఉండి, చదువుకు, ఆటకు, స్నేహాలకు అడ్డం వస్తుంటే అప్పుడు డాక్టర్లు ఏడీహెచ్‌డీ గురించి ఆలోచిస్తారు. అంటే అటెన్షన్ డెఫిసిట్ హైపర్యాక్టివిటీ డిజార్డర్. వంతు వచ్చేదాకా ఆగలేకపోవడం, ప్రశ్న పూర్తికాకముందే జవాబు చెప్పడం, అన్నం తింటూ పదిసార్లు లేవడం, బండ్లు చూసుకోకుండా రోడ్డు మీదికి ఉరకడం దాని గుర్తులు.

ఇది ఫోన్లతో పుట్టిన కొత్త రోగం కాదు. లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల డాక్టర్ 1902లోనే ఇలాంటి పిల్లల గురించి ఉపన్యాసాలు ఇచ్చాడు. ప్రపంచంలో నూటికి సుమారు ఐదుగురు పిల్లలకు ఇది ఉంటుందని అంచనా. ఎక్కువగా వంశపారంపర్యంగా వస్తుంది. ‘వీళ్ళ అబ్బా చిన్నప్పుడు అచ్చం ఇట్లనే ఉండేటోడు’ అని దాదీ చెప్పే మాట డాక్టర్‌కు పనికొస్తుంది, తప్పకుండా చెప్పండి. తల్లి పెంపకం వల్ల ఇది రాదు. మిఠాయిలు, చక్కెర తింటే వస్తుందన్నది కూడా పరిశోధనల్లో నిలబడలేదు.

మన ఇళ్ళల్లో ఒక విషయం ప్రత్యేకంగా చూసుకోవాలి. ఇంట్లో తెలుగు, బయట ఉర్దూ, బడిలో ఇంగ్లీష్. టీచర్ చెప్పింది అర్థంకాని పిల్లాడు కూడా దిక్కులు చూస్తాడు, లేచి తిరుగుతాడు. తెలుగులో చెబితే కుదురుగా వింటున్నాడా? అయితే ముందు భాష సంగతి చూడండి. చెవులు సరిగ్గా వినబడుతున్నాయో లేదో పరీక్ష చేయించండి. రాత్రి గురక పెడుతూ సరిగ్గా నిద్రపోని పిల్లలు కూడా పగలు ఇలాగే చిరాకుగా తిరుగుతారు. అంతేగాని, రెండు మూడు భాషల వల్ల జబ్బు రాదు. అందుకని ఇంట్లో తెలుగు మానేయకండి.

ఫిర్యాదు రాకముందే మనమే చెప్పాలి

దాచిపెడితే గల్లీవాళ్ళు వాళ్ళకు తోచింది అనుకుంటారు. అందుకే ఎవరో తలుపు తట్టకముందే మనమే వెళ్ళి చెప్పడం మేలు. అందరికీ అక్కర్లేదు. ఎదురింటి ఖాలా, ఇంటి ఓనర్, మూలమీది కిరాణా దుకాణం భాయ్, మదర్సా మౌల్సాబ్, ఈ నలుగురు చాలు. జబ్బు పేరు కూడా చెప్పాల్సిన పని లేదు. ‘ఖాలా, హమారా బచ్చా జరా జ్యాదా దౌడ్తా, డాక్టర్ కు దిఖారే. సడక్ తరఫ్ గయా తో పకడ్ లేనా’ అంటే సరిపోతుంది.

ఈ మాటతో ఫిర్యాదు చేయాల్సిన మనిషి సాయం చేసే మనిషి అవుతుంది. రోడ్డు మీదికి పరుగెత్తే పిల్లాడికి తల్లి రెండు కళ్ళు చాలవు, గల్లీ కళ్ళు కూడా కావాలి. ఏదైనా పగలగొడితే డబ్బు ఇచ్చేయండి. పిల్లాడిని వెంట తీసుకెళ్ళి వాడి నోటితోనే మాఫీ అడిగించండి.

మస్జిద్‌లో, మదర్సాలో

ప్రవక్త (స) తమ మనవరాలు ఉమామాను ఎత్తుకుని నమాజ్ చేశారన్న సంగతి మనందరికీ తెలిసిందే. పిల్లలకు మస్జిద్‌లో చోటు ఉంది. కాకపోతే కాస్త ఉపాయం కావాలి. మొదట జుమా రద్దీలో కాకుండా అసర్ లాంటి పూట తీసుకెళ్ళండి. దానికి ముందు కాసేపు బాగా పరుగెత్తించండి. వరుస చివర నిలబడండి. మౌల్సాబ్‌ను ముందు వరుసలో కూర్చోబెట్టమని, సబఖ్ చిన్న ముక్కలుగా ఇవ్వమని, మధ్యలో నీళ్ళు తెమ్మనో చాపలు సర్దమనో ఏదో పని చెప్పమని అడగండి. లేచి తిరగడానికి అనుమతి దొరికిన పిల్లాడు మళ్ళీ వచ్చి కూర్చుంటాడు.

ఇంట్లో ఇలా

దూరం నుంచి అరవకుండా దగ్గరికి వెళ్ళి, పేరు పెట్టి పిలిచి, కళ్ళలోకి చూసి ఒక్క పనే చెప్పండి. ‘చెప్పులు విప్పు’ అయ్యాక ‘చేతులు కడుక్కో’. చేసిన వెంటనే మెచ్చుకోండి, సాయంత్రం దాకా ఆగితే ఆ మెప్పు పనిచేయదు. తిండి, నిద్ర రోజూ ఒకే వేళకు ఉండాలి. సంపు మూతకు తాళం, డాబా తలుపుకు గొళ్ళెం తప్పనిసరి.

ఎక్కడ చూపించాలి?

దీనికి రక్తపరీక్ష, స్కానింగ్ లేవు. డాక్టర్ తల్లిదండ్రులతో, వీలైతే టీచర్‌తో మాట్లాడి తేలుస్తారు. రెడ్‌హిల్స్‌లోని నిలోఫర్ ప్రభుత్వ పిల్లల ఆసుపత్రిలో మొదట చూపించవచ్చు. ఎదుగుదల, బుద్ధి వికాసానికి సంబంధించిన పరీక్షలకు సికింద్రాబాద్ బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ బడుల్లో పిల్లలను పరీక్షిస్తారు. ఆ జాబితాలో ఏడీహెచ్‌డీ కూడా ఉంది, అడగండి. తల్లికే మనసు బరువైతే టెలీ మానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు ఖర్చు కాదు.

ఆరేళ్ళ లోపు పిల్లలకు మొదట మందు ఇవ్వరు, తల్లిదండ్రులకే శిక్షణ ఇస్తారు. ఆ తర్వాత అవసరమైతే మిథైల్‌ఫెనిడేట్ లాంటి మందు డాక్టర్ రాస్తారు. సొంతంగా కొనకూడదు, సొంతంగా ఆపకూడదు. నజర్ తగిలిందని దువా చదివించుకోండి, కాదనేవాళ్ళు ఎవరూ లేరు. కానీ తావీజ్ కట్టామని ఆసుపత్రికి వెళ్ళడం వాయిదా వేయకండి.

బడి సంగతి కూడా తెలుసుకోవాలి. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం పిల్లలను కొట్టడం, మానసికంగా వేధించడం నిషేధం. 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా బడి నుంచి తీసేయకూడదు. డాక్టర్ రాసిన కాగితం ఒకటి టీచర్‌కు ఇచ్చి ఉంచండి.

బాలాపూర్‌లో కొత్తవాళ్ళం మనమొక్కరమే కాదు. మియన్మార్ నుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చిన రోహింగ్యా కుటుంబాలు కూడా ఇక్కడే ఉంటున్నాయి, వాళ్ళకూ ఇలాంటి పిల్లలు ఉంటారు. రెండు మూడేళ్ళలో మనం ఈ గల్లీకి పాతవాళ్ళం అవుతాం. అప్పుడు ఉరుకుతున్న పిల్లాడి వెనక ఏడుపు మొహంతో ఒక కొత్త తల్లి కనిపిస్తే, ‘పర్వాలేదు బీబీ, మేము కూడా చూస్తుంటాం’ అనే మొదటి మాట మన ఇంటి నుంచే వెళ్ళాలి.