దోసెడు నీరు, పిడికెడు మన్ను

పెన్న పారిన దినములకంటె ఎండిన దినములనే ఎక్కువగా నెరిగినవారు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రజలు. పులివెందుల సీమకు చిరకాలము బావులే ఆధారము. ఇట్టి చోటునుండి హజ్ యాత్రకు బయలుదేరు ముసల్మానునకు మొదట తోచు సందేహములలో నీటిని గూర్చినది యొకటి యగుట వింత కాదు. దినమున కైదు పూటల నమాజు. నమాజునకు ముందు వుజూ. ముఖమును, మోచేతులదాక చేతులను కడుగుట, తడిచేతితో తల తుడుచుట, చీలమండలదాక పాదములు కడుగుట: ఖురాను ఐదవ అధ్యాయము ఆరవ వాక్యమున విధించినవి ఈ నాలుగే. పుక్కిలించుట మున్నగునవి ప్రవక్త ఆచరణమునుండి వచ్చినవి. ఇంట చెంబు కలదు, మసీదున హౌజు కలదు. మరి దారిలో?

వుజూను మన మడితో పోల్చువారు కలరు. ఆ పోలిక కొంత దూరమే నడచును. మడి కట్టుకొన్నవారు ఇతరులు తాకినంతనే మైలపడుదురు. వుజూ అట్టిది కాదు. నిద్ర, మలమూత్ర విసర్జనము, గాయమునుండి రక్తము కారుట వంటివి దానిని చెరచును గాని, ఈ ప్రాంతమున హెచ్చుమంది అనుసరించు హనఫీ సంప్రదాయమున పరుల స్పర్శ చెరుపదు. షాఫయీ సంప్రదాయమున పరస్త్రీ పురుషుల చర్మము తగిలిన వుజూ పోవును. కాబా చుట్టు లక్షలమంది త్రోసికొనుచు నడచుచోట ఈ భేదము ఎంత పెద్దదో ఊహింపవచ్చును.

మద్రాసు బొంబాయి రైలుమార్గము 1871లో పూర్తియైన పిదప ఎఱ్ఱగుంట్ల, ముద్దనూరు స్టేషనులమీదుగా ఈ మూడూళ్ళవారికి బొంబాయి రేవు దగ్గరయ్యెను. అచ్చటనుండి జిద్దాకు ఓడ. చుట్టును నీరే, త్రాగు నీరు మాత్రము కొలతకు లోబడినది. ఈ చిక్కు క్రొత్తది కాదు. సముద్రయానము చేయు నొకడు ప్రవక్త నడిగెనట: మావెంట మంచినీరు కొద్దిగా నుండును, దానితో వుజూ చేసినచో దప్పికకు లేకపోవును, సముద్రజలము పనికివచ్చునా యని. ఆ జలము శుద్ధమైనదే యని ఆయన బదులు చెప్పినట్లు హదీసులు తెలుపుచున్నవి. ఉప్పునీట ముఖము కడిగికొన్న చుఱుకు ఎట్లుండునో గాని, కూజాలోని మంచినీరు మిగిలినది. ఓడ యలమ్‌లమ్‌ సరిహద్దునకు ఎదురుగా వచ్చులోపల యాత్రికులు స్నానమాడి, పురుషులు కుట్టులేని రెండు వస్త్రములు ధరించి ఇహ్రాము పూనెడివారు. అటుపిమ్మట సువాసన సబ్బును కూడ వాడరాదు.

భారతదేశమునుండి ఓడయాత్ర 1995లో ముగిసినది. 2023లో గన్నవరమునుండియే హజ్ విమానము లెగిరినవి. వారము పైబడిన ప్రయాణము కొన్ని గంటలకు దిగినది. సరిహద్దు ఆకాశముననే దాటిపోవును గనుక స్నానము, వస్త్రధారణము ముందే ముగించికొనవలెను. విమానపు ఇరుకు గదిలో నేలంతయు తడిపివేయుట తోడివారికి బాధ. ప్రవక్త వుజూకు ఒక ‘ముద్దు’ నీరు చాలించెడివారు. అరబ్బీలో ఆ కొలత ఇంచుమించు మన దోసెడే.

నీరు బొత్తిగా లేనిచో? ఒక ప్రయాణమున ప్రవక్త భార్య ఆయిషా కంఠహారము పోయినది. దానిని వెదకుటకై బిడారమంతయు నీరులేని చోట నిలిచిపోయినది. తయమ్ముము వాక్యము అప్పుడు అవతరించెనని సంప్రదాయము. శుద్ధమైన నేలపై అరచేతులు తట్టి ముఖము తుడుచుకొనవలెను. మరల తట్టి మోచేతులదాక చేతులు తుడుచుకొనవలెను. వ్యాధి ముదురునను భయమున్నను, ఉన్న నీరు త్రాగుటకే చాలకున్నను ఇది చెల్లును. నీరు దొరకినంతనే చెల్లదు. హనఫీలకు దుమ్ము లేని రాయియు పనికివచ్చును. జమ్మలమడుగు ప్రాంతపు నాపరాయి యైనను సరియే. షాఫయీలకు మాత్రము చేతికి దుమ్ము అంటవలెను. బద్ధకమునకు ఇందు తావులేదు: కుళాయి పది అడుగుల దూరమున నుండగా గోడను తట్టిన ఫలము లేదు.

మూత్రము నిలువని వృద్ధునికిని దారి కలదు. ప్రతి నమాజు వేళకు ఒక్క వుజూ చేసికొనిన, ఆ వేళ గడచువరకు ఆ జబ్బుచేత అది చెడినట్లు లెక్కింపరు. ఈ సంగతి తెలియకనే పలువురు ముదుసళ్ళు దారిపొడుగునను నీరు త్రాగుట మానుకొందురు. ఆ ఎండలో అది ప్రాణాపాయము.

అన్నిటికంటె చిక్కైనది స్త్రీలది. ముట్టయిన స్త్రీ తవాఫు తప్ప తక్కిన హజ్ విధులన్నియు చేయవచ్చునని ప్రవక్త ఆయిషాకే చెప్పెను. ఆయన చివరి యాత్రలో, 632లో, అస్మా బిన్త్ ఉమైస్ దారిలోనే ప్రసవింపగా, స్నానము చేసి ఇహ్రాము పూనుమనెను. కాని హజ్‌కు ప్రాణమైన తవాఫు మిగిలియుండగానే తిరుగు విమానపు తేదీ వచ్చినచో? బిడారము ఆగనప్పుడు గత్యంతరము లేని స్త్రీ అట్లే చేయవచ్చునని 1328లో మరణించిన ఇబ్న్ తైమియ్యా అభిప్రాయపడెను. హనఫీలు ఆ తవాఫు చెల్లుననిరి. అయితే ఒంటెనో ఆవునో బలి యిచ్చి దోషము తీర్చుకొనవలెననిరి. శుద్ధి పొందిన పిదప మరల చేసినచో ఆ బలి అక్కరలేదు. నేడు కొందరు వైద్యుని సలహాపై మాత్రలు వాడుదురు. యాత్రకు ముందు జరుగు శిక్షణ సభలలో నలుగురు మగవారి యెదుట ఏ యిల్లాలు ఈ ప్రశ్న అడుగగలదు? పెట్టె సర్దకముందే మరొక స్త్రీ ఆమెను ప్రక్కకు పిలిచి ఈ మాట చెప్పవలెను.