పాత సఖ్ర్ కంప్యూటర్ క్యాసెట్లు: కాపీ తీయడం ఒక పని, సరిచూసుకోవడం అసలు పని

గల్ఫ్‌లో ఏళ్ల తరబడి పనిచేసి తిరిగొచ్చినవాళ్ల ఇళ్లలో అటక మీది సామాను దించితే రెండు రకాల క్యాసెట్లు దొరకొచ్చు. ఒక రకం అందరికీ తెలిసిందే. నాతులు, తఖ్రీర్లు, ఖవ్వాలీలు, ఉత్తరం రాసే బదులు మాట్లాడి ఇంటికి పంపిన టేపులు. రెండో రకం అరుదు. టేపు రికార్డర్‌లో పెడితే మాటా ఉండదు, పాటా ఉండదు. ఏడు సెకన్ల దాకా సన్నటి ఈల, ఆ తర్వాత చెవులు చిల్లులు పడేలా గరగర. "ఖరాబ్ అయిపోయింది" అని చెత్తలో వేసేస్తారు. నిజానికి అది ఖరాబ్ కాలేదు. అది కంప్యూటర్ ప్రోగ్రాం.

1980లలో అరబ్ దేశాల్లో ఇంటి కంప్యూటర్ అంటే ముందుగా గుర్తొచ్చే పేరు సఖ్ర్. అరబీలో సఖ్ర్ అంటే బండరాయి. కువైట్‌లో మొహమ్మద్ అల్ షారెఖ్ పెట్టిన అల్ అలమియా కంపెనీ వీటిని అమ్మింది. జపాన్‌లో తయారైన ఎంఎస్ఎక్స్ రకం కంప్యూటర్లకు అరబీ అక్షరాలు, అరబీ కీబోర్డు జోడించడం ఆ కంపెనీ చేసిన పెద్ద పని. ఎంఎస్ఎక్స్ అనేది 1983లో వచ్చిన ఒక ప్రమాణం. ఏ కంపెనీ చేసినా దాని మీద ఒకే రకం ప్రోగ్రాంలు నడవాలన్నది లెక్క. 1990 ఆగస్టులో కువైట్ మీద ఇరాక్ దాడి చేశాక సఖ్ర్ కైరోకు మారింది. కంప్యూటర్‌కు అరబీ నేర్పినందుకు, ఖురాన్, హదీసు గ్రంథాలను అందులోకి తెచ్చినందుకు అల్ షారెఖ్‌కు 2021లో ఇస్లాం సేవ విభాగంలో కింగ్ ఫైసల్ బహుమతి ఇచ్చారు. 2024లో ఆయన చనిపోయారు.

బజారులో అమ్మిన ఆటలు, పాఠాలు చాలావరకు ఎవరో ఒకరు ఇప్పటికే దాచిపెట్టే ఉంటారు. పోతే పోయేవి ఇంట్లోవాళ్లు సొంతంగా రాసుకున్నవే. స్కూలు పిల్లాడు రాసిన చిన్న ఆట కావచ్చు, దుకాణం లెక్క కోసం ఎవరో కూర్చి పెట్టుకున్న ప్రోగ్రాం కావచ్చు. దానికి ప్రపంచం మొత్తంలో కాపీ ఒక్కటే, ఆ క్యాసెట్. అది పోతే ఇక లేదు.

క్యాసెట్‌లోకి ప్రోగ్రాం ఎలా ఎక్కుతుందో ముందు తెలియాలి. కంప్యూటర్‌కు కావాల్సింది సున్నా, ఒకటి. టేపుకు తెలిసింది శబ్దం. ఎంఎస్ఎక్స్‌లో మామూలు వేగం మీద సున్నా అంటే 1200 హెర్ట్జ్ అల ఒకటి, ఒకటి అంటే 2400 హెర్ట్జ్ అలలు రెండు. రెండింటికీ పట్టే సమయం సమానం. ఒక బైటుకు 8 బిట్లే అయినా ముందొకటి, వెనక రెండు కలిపి టేపు మీద 11 బిట్లు రాస్తుంది. సెకనుకు 1200 బిట్లు కాబట్టి బైట్లు 109 మాత్రమే. 16 కిలోబైట్ల ప్రోగ్రాం ఎక్కడానికి రెండున్నర నిమిషాలు. అరవై నిమిషాల క్యాసెట్‌లో ఒక వైపు మొత్తం నింపినా రెండు లక్షల బైట్లు దాటదు. ఇప్పుడు ఫోన్‌లో తీసే ఒక్క ఫోటో అలాంటి పది వైపులకు కూడా సరిపోదు.

మొదట వినిపించే ఆ ఈల ఉత్తదే అనుకోవద్దు. టేపు ఎంత వేగంతో తిరుగుతోందో కంప్యూటర్ అప్పుడే అంచనా వేసుకుంటుంది. దాన్ని మధ్యలో నుంచి మొదలుపెట్టినా పర్వాలేదు కానీ, మొత్తం దాటేస్తే లోడ్ కాదు.

ఇక కాపీ. చాలామంది చేసే మొదటి తప్పు ఇక్కడే ఉంది. రెండు క్యాసెట్లు పట్టే డెక్ తీసుకుని, పాటలు డబ్బింగ్ చేసినట్టు ఒక టేపు నుంచి ఇంకో టేపుకు ఎక్కించేస్తారు. పాటకైతే ఏం కాదు, కాస్త బుస్సుమని వినిపిస్తుంది, అంతే. ప్రోగ్రాంకు అలా కాదు. పాత టేపులోని గీతలు, మసక, వేగం తేడాలు అన్నీ కొత్త టేపులోకి వచ్చేస్తాయి. కొత్త డెక్ దాని లోపాలను ఇంకొన్ని కలుపుతుంది. అలా రెండు మూడు తరాలు మారేసరికి అలలు మొద్దుబారిపోయి, ఏది సున్నానో ఏది ఒకటో కంప్యూటర్‌కు తెలియకుండా పోతుంది.

సరైన దారి ఏంటంటే, శబ్దాన్ని కాకుండా అంకెల్ని కాపీ చెయ్యాలి. పాత టేపును కంప్యూటర్ మెమరీలోకి చదివించి, అక్కడి నుంచి కొత్త టేపు మీద మళ్లీ రాయించాలి. అప్పుడు కంప్యూటర్ కొత్త అలలు తానే పుట్టిస్తుంది. చిరిగిపోతున్న కాగితాన్ని జిరాక్స్ తియ్యకుండా, చదివి శుభ్రంగా తిరిగి రాసుకున్నట్టు అన్నమాట.

బేసిక్‌లో రాసిన ప్రోగ్రాం అయితే ఏ యుటిలిటీ అక్కర్లేదు. సీలోడ్ అని కొట్టి చదివించి, సీసేవ్ అని కొట్టి పేరిచ్చి (పేరు ఆరు అక్షరాలు దాటకూడదు) కొత్త క్యాసెట్‌లో రాయొచ్చు. రాశాక టేపు వెనక్కి తిప్పి, సీలోడ్ పక్కన ప్రశ్నార్థకం పెట్టి కొట్టాలి. అప్పుడు కంప్యూటర్ టేపును చదువుతూ మెమరీలో ఉన్నదానితో పోల్చుతుంది. తేడా ఉంటే వెరిఫై ఎర్రర్ అంటుంది. రెండు నిమిషాల పని. బద్ధకించి ఇది వదిలేసినవాడి దగ్గర ఉన్నది బ్యాకప్ కాదు, నమ్మకం మాత్రమే.

చిక్కంతా మెషీన్ కోడ్‌తో. ఇలాంటి ఫైలును బీలోడ్‌తో మెమరీలోకి తేవచ్చు. బీసేవ్‌తో తిరిగి రాయాలంటే మాత్రం అది మెమరీలో ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, నడక ఎక్కడి నుంచి మొదలవ్వాలో మూడు అడ్రసులు చెప్పాలి. అవి టేపు మీదే ఉంటాయి, కానీ బీలోడ్ వాటిని చూపించదు. టేపు కాపీయర్ యుటిలిటీ అవసరం ఇక్కడే. అది ముందు పేరున్న బ్లాకును చదువుతుంది, తర్వాతి బ్లాకు మొదట్లోని ఆరు బైట్ల నుంచి మూడు అడ్రసులు తీసుకుంటుంది, మిగిలిన బైట్లను తనకు ఖాళీ ఉన్న చోట దాచుకుంటుంది. ప్రోగ్రాంను నడపదు. క్యాసెట్ మార్చమని అడిగి, అన్నీ అదే వరుసలో తిరిగి రాస్తుంది. మెషీన్‌లో 64 కిలోబైట్లు ఉన్నా మామూలు ఎంఎస్ఎక్స్‌లో బేసిక్ చేతికి వచ్చేది 28,815 బైట్లే. అందుకే కాపీయర్ ఒక్కో బ్లాకుగా పనిచెయ్యాలి, క్యాసెట్లు పదే పదే మార్చాలి.

ఇప్పుడు చాలామందికి తెలియని సంగతి. బ్రిటన్‌లో వచ్చిన సింక్లెయిర్ స్పెక్ట్రమ్ ప్రతి బ్లాకు చివర ఒక పరీక్ష బైటు రాస్తుంది. చదివినప్పుడు లెక్క కుదరకపోతే టేపు లోడింగ్ ఎర్రర్ అని ఆగిపోతుంది. ఎంఎస్ఎక్స్ మామూలు టేపు పద్ధతిలో ఆ ఏర్పాటు లేదు. శబ్దం బాగా చెడిపోతే డివైస్ ఐఓ ఎర్రర్ అంటుంది కానీ, ఒక్క బిట్ మారిపోతే మారిన బిట్‌నే తీసుకుని ఓకే అనేస్తుంది. పైగా సీలోడ్ ప్రశ్నార్థకం పనిచేసేది బేసిక్ ప్రోగ్రాంలకే, మెషీన్ కోడ్‌కు కాదు. అంటే చెడ్డ కాపీ కూడా మంచి కాపీ లాగే కనిపిస్తుంది.

దీనికి ఇంటి వైద్యం ఒకటుంది. బీలోడ్‌తో ఫైలును నడపకుండా ఎక్కించి, బేసిక్‌లో చిన్న ఫర్ లూప్ పెట్టి, మొదటి అడ్రసు నుంచి చివరిదాకా పీక్‌తో ఒక్కో బైటు చదివి కూడుకుంటూ పోవాలి. మొదటి, చివరి అడ్రసులను మంచి కాపీయర్ తెర మీద చూపిస్తుంది. బేసిక్ నెమ్మది కాబట్టి లెక్క అయ్యేలోపు చాయ్ తాగి రావొచ్చు. వచ్చిన మొత్తాన్ని క్యాసెట్ అట్ట మీద రాసి, కాపీని చదివించినప్పుడు అదే మొత్తం వస్తోందా చూడాలి. అసలు టేపును కూడా రెండుసార్లు చదివించి చూడటం మేలు. రెండుసార్లు రెండు మొత్తాలు వస్తే తప్పు కాపీలో లేదు, చదవడంలోనే ఉంది. ట్రయల్ బ్యాలెన్స్ కుదిరినంత మాత్రాన ఖాతాల్లో తప్పు లేనట్టు కాదని కామర్స్ చదివినవాళ్లకు తెలుసు. ఇక్కడా రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేస్తే ఈ లెక్క పట్టుకోలేదు. అయినా ఏమీ లేకపోవడం కంటే ఇది చాలా నయం.

మొదలుపెట్టే ముందు అసలు క్యాసెట్ వెనక అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్కలు విరిచేయాలి. క్యాసెట్లు మార్చే హడావిడిలో అసలు దాని మీదే రికార్డు నొక్కేయడం కొత్తేం కాదు. ఆ ముక్క లేకపోతే బటన్ దిగదు. తర్వాత టేపును ఒకసారి చివరిదాకా, మళ్లీ మొదటిదాకా తిప్పితే ఏళ్ల తరబడి అతుక్కున్న చుట్లు వదులవుతాయి. టేపు మీద తెల్లగా బూజు కనిపిస్తే మాత్రం తిప్పొద్దు, మంచి డెక్‌లో అస్సలు పెట్టొద్దు. లోపలి స్పాంజి మెత్త ఊడిపోయి ఉంటే టేపు చుట్టల్ని ఇంకో క్యాసెట్ డొప్పలోకి మార్చాలి. డెక్ హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. వాల్యూమ్ ముప్పావు వంతు, ట్రెబుల్ ఎక్కువ. అప్పటికీ లోడ్ కాకపోతే హెడ్ పక్కనున్న చిన్న స్క్రూను, టేపు తిరుగుతుండగా, శబ్దం బాగా పదునుగా వినిపించేదాకా కొద్దికొద్దిగా తిప్పాలి. ముందు దాని స్థానం గుర్తు పెట్టుకోవాలి.

స్క్రీన్ అని కొట్టి మూడు కామాలు, ఆ తర్వాత 2 కొడితే రాసే వేగం రెట్టింపు అవుతుంది. సగం టైమ్ మిగులుతుందని ఆశ పుడుతుంది. నలభై ఏళ్ల నాటి టేపు మీద ఆ ఆశ వద్దు.

కంప్యూటర్ పనిచేయకపోయినా క్యాసెట్ పనికిరానట్టు కాదు. డెక్ ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి ల్యాప్‌టాప్‌కు వైరు కలిపి, 44,100 శాంపిళ్ల వేగంతో వేవ్ ఫైలుగా రికార్డు చెయ్యాలి. ఎంపీ3 వద్దు, వాట్సాప్ వాయిస్ మెసేజ్ అసలే వద్దు. అవి మనిషి చెవికి అక్కర్లేని భాగాన్ని తీసేస్తాయి, కంప్యూటర్‌కు కావాల్సింది అందులోనే ఉండొచ్చు. శబ్దం శుభ్రం చేసే ఫిల్టర్లు కూడా వాడకూడదు. క్యాస్‌టూల్స్ అనే ఉచిత ప్రోగ్రాంల కట్ట ఈ వేవ్ ఫైలును చిన్న క్యాస్ ఫైలుగా మారుస్తుంది. దాన్ని ఓపెన్ఎంఎస్ఎక్స్ ఎమ్యులేటర్‌లో నడిపి చూడొచ్చు. అరబీ అక్షరాలు వాడే ప్రోగ్రాం అయితే ఎమ్యులేటర్‌లో అరబీ రోమ్ ఉన్న మెషీన్‌నే ఎంచుకోవాలి. సొంత లోడర్ పెట్టి కాపీకి అడ్డుకట్ట వేసిన ఆటల్ని కాపీయర్లు పట్టలేవు. వాటికి ఈ వేవ్ ఫైలే గతి.

క్యాస్ ఫైలు వచ్చింది కదా అని వేవ్ ఫైలును తీసేయొద్దు. రెండూ ఒక పెన్‌డ్రైవ్‌లో, ఇంకో కాపీ వేరే ఇంట్లో ఉంచాలి. క్యాసెట్ అట్ట మీద పేరు, కౌంటర్ నంబరు, కూడిన మొత్తం పెన్సిల్‌తో రాసి, అసలు టేపును టీవీకి, స్పీకర్‌కు దూరంగా నిలువుగా పెట్టుకోవాలి.