పడుగు పేకల వర్ణలీల

నెమలికంఠపు రంగని మన స్త్రీలు మక్కువతో చెప్పుకొను చీరలో నీలమెచట ముగిసి పచ్చదన మెచట మొదలగుచున్నదో తేల్చబూనిన వారికి ఆ రెండును ఒకదానిలో నొకటి అల్లుకొని యున్నవని త్వరలోనే బోధపడును. పడుగు ఒక రంగు నూలు, పేక మరియొక రంగు నూలు. నేతగాని రహస్యమంతయు ఇంతే. నెమలిపింఛముననో, 1930ల దశకమున సర్ సి.వి. రామన్ పరిశీలించిన ముత్యపుచిప్పలలోనో తళతళలాడు వర్ణములు అతిసూక్ష్మమైన పొరలనుండి కాంతితరంగములు పరావర్తనము చెంది కలియుటచే పుట్టును. ఈ వస్త్రమునకు అద్దకపు రంగులు రెండు చాలును.

అమీర్‌పేటనుండి పంజగుట్ట వైపు పోవు మార్గమున రవికగుడ్డలమ్ము మ్యాచింగు సెంటరులో దొరకు ఇట్టి నూలుగుడ్డను దీపములు నలుదిక్కులనుండి ప్రసరించు లోపలిభాగమున చూచినచో రెండు రంగులును కలిసి మసకగా నుండును. దానినే మెట్రో వంతెన నీడ దాటించి, ఒక్క దిక్కునుండి పడు ఎండలో మడతలు పెట్టి పట్టినచో, మడత మడతకును రంగు మారును. మంగళగిరి మగ్గముల నెక్కు 80వ నంబరు నూలుపోగు మందము సుమారు 0.1 మి.మీ.; చేయి చాచినంత దూరమున కన్ను అంత సన్నని పోగులను విడదీయలేక రెండింటి సగటు వర్ణమునే గ్రహించును. అయినను, గుండ్రని పోగు తనకు అడ్డముగా పడిన వెలుగును విసనకర్రవలె విప్పి, తన పొడవు వెంబడి వాలుగా వచ్చిన వెలుగును ఇంచుమించు ఒకే వంకకు పంపును. పైగా ఒక వరుస పోగుల ఉబ్బులు రెండవ వరుసను కొంత మరుగుపరచును. కనుక ఏటవాలుగా చూచునపుడు ఒక వరుసదే పైచేయి యగును. గుడ్డను పావుచుట్టు త్రిప్పినచో రెండవదానికి ఆ ప్రాధాన్యము సంక్రమించును. మెర్సరైజు చేసిన నూలున ఈ తేడా మరింత స్ఫుటము: 1850లో జాన్ మెర్సర్ పేటెంటు పొందిన కాస్టిక్ సోడా ప్రక్రియకు 1890లో హోరేస్ లో అనునతడు బిగువును జోడింపగా, మెలిపడిన నాడావంటి ప్రత్తిపీచు ఉబ్బి, గుండ్రనై, నిగనిగలాడసాగెను.

అతుకుల బొంత కుట్టువారికి ఇది అపూర్వమైన సంపద. పాతచీరల బొంతలో వైవిధ్యమునకై పలురంగుల గుడ్డలు వెదకుట మన యిండ్ల ఆచారము. ఇచట ఒక్క తాను చాలును. నాలుగంగుళాల చదరపు ముక్కలను కోసి, ఒకదాని పడుగు నిలువుగను, ప్రక్కదాని పడుగు అడ్డముగను ఉండునట్లు కూర్చినచో, గవాక్షపు వెలుగులో చదరంగపు గళ్లు తమంత తామే వెలయును. మనిషి అటునుండి ఇటు నడచిన కొలది నల్లగళ్లు తెల్లగళ్లయినట్లు వర్ణములు తారుమారగును. ముద్రితపుష్పముల గుడ్డను ఇందు కలుపుట నాకు సమ్మతము కాదు. ఆ పూల సందడిలో ఈ సున్నితమైన భేదము అణగిపోవును.

కత్తెర పట్టుటకు ముందే, అంచు సాగిన దిక్కే పడుగని గుర్తెరిగి, ప్రతి ముక్క వెనుకను సుద్దతో బాణపుగుర్తు వేయవలెను. కోసిన పిమ్మట ఏది పడుగో ఏది పేకో పోల్చుకొనుట దుష్కరము. చేనేతగుడ్డ అంచులు త్వరగా పోగులూడును గనుక కుట్టుకై కొంత హెచ్చుగా వదలవలెను. త్రికోణములు కోయునపుడు ఏటవాలు కోత సాగిపోవును. ముందుగా తడిపి ఆరవేసి, గంజిపెట్టి ఇస్త్రీ చేసిన గుడ్డ మాట వినును. కుట్టుదారము పడుగురంగుదే యైనచో, పడుగు రంగు పైకి తేలిన గడిలో కుట్టు కానరాదు, దాని సరసనున్న గడిలో మాత్రము చుక్కలవరుసయై స్పష్టముగ బయల్పడును.