కంప్యూటరు జ్ఞాపకశక్తి: ర్యామ్ పలకల అమరిక

నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ ప్రాంతం భూగర్భజలాలలోని ఫ్లోరైడు వలన చాలాకాలం బాధలు పడినది. గ్రానైటు శిలలలోని ఫ్లోరైడు నీటిలో కరిగి బావులలోకి, బోర్లలోకి చేరుతుంది. త్రాగేనీటిలో ఇది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది.

ఒక బోరు నీటిలో 4.5 మిల్లీగ్రాములు ఉన్నదనుకొనండి. దశాంశం లేకుండా పదోవంతులలో 45 అని కంప్యూటరులో వ్రాసుకొనవచ్చు. ద్విసంఖ్యామానంలో 45 అంటే 101101. ఇందులో ఎడమ చివరి 1 ఒక్కటీ 0గా మారితే మిగిలేది 001101, అనగా 13. అంటే చెడ్డనీరు 1.3 మిల్లీగ్రాముల నీరై, త్రాగదగినదిగా జాబితాకెక్కుతుంది! ఇటువంటి పొరపాటు ఎక్కడ జరుగుతుంది, దానిని యంత్రం ఎలా పట్టుకొంటుంది అన్నది తెలియాలంటే, కంప్యూటరులో జ్ఞాపకం ఎలా అమరి ఉంటుందో తెలుసుకోవాలి.

బిట్ ఉండే చోటు

0 గాని, 1 గాని అయిన ఒక్క అంకెను బిట్ అంటారు. హైదరాబాదులో 1967లో ఏర్పడిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ 1969లో టి.డి.సి.-12 అనే కంప్యూటరును నిర్మించినది. ఆ తరం యంత్రాలలో చిన్న ఫెర్రైటు ఉంగరాల అయస్కాంతత్వమే బిట్‌లను నిలిపేది. నేటి ర్యామ్‌లో ఆ పని చేసేది ఒక ట్రాన్సిస్టరు, ఒక సూక్ష్మ కెపాసిటరు. ఈ ఏర్పాటును 1966లో ఐ.బి.ఎం. సంస్థలోని రాబర్ట్ డెనార్డ్ ఊహించాడు. కెపాసిటరులో ఆవేశం ఉంటే 1, లేకుంటే 0. అయితే చిల్లికుండలో నీటివలె ఈ ఆవేశం కారిపోతుంది. అందుచేత సాధారణంగా 64 మిల్లీసెకనులకు ఒకసారి ప్రతి గడినీ చదివి తిరిగి నింపవలసి ఉంటుంది.

చిప్పు నుండి పలక వరకు

డి.డి.ఆర్.4 రకపు 8 గిగాబిట్ల చిప్పును ఉదాహరణగా తీసుకొనవచ్చు. ఇందులో 16 బ్యాంకులు, ప్రతి బ్యాంకులో 65,536 అడ్డువరుసలు, ఒక్కొక్క వరుసలో 1,024 స్థానాలు, ప్రతి స్థానంలో 8 బిట్లు ఉంటాయి. ఒక వరుసను తెరవడానికి కొంత కాలం పడుతుంది. తెరచిన తరువాత అందులోని స్థానాలను త్వరగా చదవవచ్చు. ఒక బ్యాంకు వరుసను తెరుస్తూ ఉండగా మరొకటి సమాచారం అందిస్తుంది. అనేక బ్యాంకులు ఉండడంలోని లాభం ఇదే.

ఇటువంటి 8 చిప్పులు ఒకేసారి తలా 8 బిట్లు ఇస్తే 64 బిట్లు అవుతాయి. కలసి పనిచేసే ఈ చిప్పుల జట్టును ర్యాంకు అంటారు. దీని పరిమాణం 8 గిగాబైట్లు. ఒక పలకమీద ఒక ర్యాంకు ఉండవచ్చు, రెండూ ఉండవచ్చు.

చెరువు, తూములు

చెరువులో ఎంత నీరున్నా, తూము ఒకటే అయితే పొలానికి పారే నీరు ఆ తూము పట్టినంతే. ప్రాసెసరుకు, ర్యామ్‌కు మధ్య ఉండే చానెలు అటువంటి తూము. సెకనుకు 3,200 మిలియన్ల సార్లు, ఒక్కొక్కసారి 8 బైట్ల చొప్పున పంపితే ఒక చానెలు గరిష్ఠంగా 25.6 గిగాబైట్లు మోయగలదు. రెండు చానెళ్లయితే 51.2.

కనుక రెండు చానెళ్ల యంత్రంలో 16 గిగాబైట్ల పలక ఒక్కటి పెట్టడం కంటె, 8 గిగాబైట్ల పలకలు రెండింటిని చానెలుకు ఒకటి చొప్పున పెట్టడం మేలు. రెండింటినీ ఒకే చానెలులో పెడితే రెండవ తూము మూసినట్లే. పెద్ద వర్క్‌స్టేషన్లలో నాలుగు, ఎనిమిది చానెళ్లు కూడా ఉంటాయి. ఏ పలక ఏ గాడిలో పెట్టాలో మదర్‌బోర్డుతో వచ్చే పుస్తకంలో చూసుకోవాలి.

తొమ్మిదవ చిప్పు

విశ్వకిరణాల నుండి పుట్టిన కణం తాకినా, గడిలో లోపమున్నా బిట్ తారుమారు కావచ్చు. దీనికి విరుగుడుగా వర్క్‌స్టేషన్ పలకలలో ఎనిమిది చిప్పుల సరసన తొమ్మిదవది ఉంచుతారు. 64 బిట్ల సమాచారానికి 8 తనిఖీ బిట్లు చేరి 72 అవుతాయి. రిచర్డ్ హామింగ్ 1950లో ప్రకటించిన పద్ధతి దీనికి మూలం. ఏడు తనిఖీ బిట్లు తప్పు ఏ స్థానంలో ఉన్నదో చెబుతాయి. ఎనిమిదవది రెండు బిట్లు మారినప్పుడు గుర్తిస్తుంది. ఒక తప్పును యంత్రమే దిద్దుకొంటుంది, రెండయితే హెచ్చరిస్తుంది. ప్రాసెసరు, మదర్‌బోర్డు కూడా ఈ పద్ధతికి అనువైనవి కాకపోతే తొమ్మిదవ చిప్పు ఉండీ ప్రయోజనం లేదు.

తరగతిలో విద్యార్థుల చేత 101101లోని ఆరు బిట్లను ఒక్కొక్కటిగా మార్పించవచ్చు. 13, 61, 37, 41, 47, 44 అనే ఫలితాలు వస్తాయి. అన్నీ తప్పులే. కాని చెడ్డనీటిని మంచినీరుగా చూపేది 13 ఒక్కటే. ఏ బిట్ మారుతుందో ముందుగా తెలియదు కనుక అన్నింటికీ కాపలా అవసరం. అయితే ఈ కాపలా జ్ఞాపకంలో ఉన్న అంకెకే. 45కు బదులు 13 అని మనిషే వ్రాస్తే, యంత్రం ఆ 13నే భద్రంగా కాపాడుతుంది.