బార్బర్ పీటర్ అడిగిన ప్రశ్న

తెల్లవారుజామున మోకాళ్లూనగానే చాలామందికి ముందు గుర్తొచ్చేది దేవుడు కాదు, అయిపోవచ్చిన గ్యాస్ సిలిండర్. ఆ వెనకే పిల్లవాడి ఈఏపీసెట్ ర్యాంకు, ఈ నెల ఈఎంఐ, నిన్న ఆడపడుచు అన్న మాట. ఆమేన్ దగ్గరకు వచ్చేసరికి ఇంటి ఖర్చుల లెక్క ఒక కొలిక్కి వస్తుంది గానీ, ప్రార్థన ఎక్కడ తెగిపోయిందో తెలియదు. పైగా ఇప్పుడు బైబిలు ఫోన్‌లోనే ఉంది, వాట్సాప్ కూడా అందులోనే ఉంది. రెంటిలో ఏది ముందు పిలుస్తుందో చెప్పనక్కర్లేదు. దాంతో మన విశ్వాసం సన్నగిల్లిందనో, కాలం చెడిపోయిందనో అనుకుంటాం. కాలాన్ని వదిలేయవచ్చు. సెల్‌ఫోన్ ఊసే లేని 1535లోనూ ఈ బాధ ఇలాగే ఉండేది.

జర్మనీలోని విట్టెన్‌బర్గ్‌లో పీటర్ బెస్కెన్‌డార్ఫ్ అనే బార్బర్ ఉండేవాడు. మత సంస్కర్త మార్టిన్ లూథర్‌కు క్షవరం చేసేది ఆయనే, స్నేహితుడు కూడా. మామూలు మనిషి ప్రార్థన ఎలా చేసుకోవాలో చెప్పమని అడిగితే లూథర్ ఒక చిన్న పుస్తకమే రాసి ఇచ్చాడు. లూథర్‌కు అప్పటికి యాభై దాటాయి. ముందు ఏడాదే ఆయన జర్మన్ బైబిలు సంపూర్ణంగా అచ్చయింది. ఇంటినిండా పిల్లలు, బస చేసే విద్యార్థులు. తీరిగ్గా కూర్చుని తీరిక గురించి బోధించినవాడు కాడు కాబట్టే ఆయన మాట వినబుద్ధవుతుంది.

ఉపదేశం కంటే ముందు ఆయన తన సంగతే చెబుతాడు. పనులు, ఆలోచనలు ముసిరి ప్రార్థన మీద మనసు చల్లబడినప్పుడు కీర్తనల గ్రంథం పట్టుకుని గదిలోకో, జనం కూడే వేళైతే గుడికో వెళతాడట. పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, సమయాన్ని బట్టి మరికొన్ని వాక్యాలు చిన్నపిల్లాడిలా పైకి చెప్పుకుంటాడట. వేదాంతంలో డాక్టరేటు ఉన్న మనిషి వల్లె వేయడం! కంఠతా వచ్చిన ప్రార్థన అంటే మనలో కొందరికి చిన్నచూపు, అది ఆత్మలోంచి రాలేదంటారు. మనసు కుదిరాక ప్రార్థిద్దామని కూర్చుంటే కుదరని రోజులే ఎక్కువ, అందుకే నోటికి వచ్చినదానితో మొదలుపెట్టమన్నది లూథర్ పద్ధతి. 1842లో మిషనరీ ఫాదర్ హేయర్ గుంటూరు వచ్చిన నాటి నుంచి పెరిగిన లూథరన్ సంఘాల్లో పిల్లలు లూథర్ రాసిన ప్రశ్నోత్తరాల పుస్తకం, చిన్న కాటెకిజం, కంఠస్థం చేసేది కన్ఫర్మేషన్ కోసమే అనుకుంటాం. అసలు ఉపయోగం నలభై ఏళ్ల తర్వాత, నిద్రపట్టని రాత్రుల్లో తెలుస్తుంది.

ఒక్క గంట ఆగుదాం, ముందు ఈ పని కానిద్దాం అనే ఆలోచనను మాత్రం దగ్గరకు రానివ్వొద్దంటాడు. ఆ పని ఇంకో పనిని వెంటబెట్టుకొస్తుంది, రోజు గడిచిపోతుంది. నమ్మకంగా చేసే పనే ప్రార్థన అనే మాటను ఆయన కొట్టిపారేయడు. కానీ ఆ మాట అడ్డుపెట్టుకుని ప్రార్థన మానేసే అలవాటు గురించి వెంటనే హెచ్చరిస్తాడు. మనల్ని ఆయన బాగానే చదివాడు.

చెదిరే మనసుకు ఆయన చూపిన ఉదాహరణ ఒక గురువుది. ఆ పెద్దమనిషి దేవా సహాయం చేయమని ఒక ముక్క చదివి, బండికి గుర్రాలు కట్టారా అని పనివాణ్ని అడుగుతాడు. ఇంకో ముక్క చదివి, పాలు పితకమని పనిమనిషిని పంపుతాడు. తర్వాత పీటర్‌కు ఆయన వృత్తే గుర్తుచేస్తాడు: మంచి బార్బర్ చూపు, ధ్యాస కత్తి మీదా గడ్డం మీదా ఉండాలి, కబుర్లలో పడితే ముక్కో గొంతో తెగుతుంది. గడ్డానికిచ్చే ధ్యాస దేవుడికి ఇవ్వలేమా అన్నది ప్రశ్న.

ఇక పద్ధతి. ప్రతి ఆజ్ఞను నాలుగు పేటలుగా అల్లుకోమన్నాడు: ఇది ఏం నేర్పుతోంది, దీనికి దేవుణ్ని దేనికి స్తుతించాలి, ఇందులో నేనేం తప్పాను, ఇప్పుడు ఏం కావాలి. మన కిరాణా కొట్టు యజమాని దొంగతనం వద్దన్న ఆజ్ఞ తీసుకున్నాడనుకోండి. పొరుగువాడి సొమ్ము కాపాడాలన్నది నేర్చుకునే పాఠం. ఇన్నేళ్లూ కొట్టు నిలబడినందుకు స్తుతి. మొన్న కందిపప్పు తూకంలో బొటనవేలు చేసిన సాయం ఒప్పుకోలు. హోల్‌సేల్ బాకీ తీరే దారి కోసం విన్నపం. ప్రార్థనను చెడగొట్టే బాకీయే ఇక్కడ ప్రార్థనలో భాగమైంది. చెరసాలలో ఉన్న పౌలు ఫిలిప్పీయులకు రాసిందీ ఇదే కదా: చింతపడకండి, మీ అవసరాలను దేవుడికి విన్నవించుకోండి. చింతను గుమ్మం బయట నిలబెడితే తలుపు బాదుతూనే ఉంటుంది.

మధ్యలో ఒక మంచి తలంపు మనసును పట్టేస్తే మిగతావన్నీ వదిలేసి నిశ్శబ్దంగా వినమన్నాడు. అప్పుడు బోధించేది పరిశుద్ధాత్మ. పద్ధతి కనిపెట్టినవాడే పద్ధతిని పక్కన పెట్టమనడం అరుదు.

ఇంత చదివాక పీటర్ ఆదర్శ విశ్వాసిగా స్థిరపడి ఉంటాడని అనుకుంటాం. అదే ఏడాది ఈస్టర్ రోజుల్లో, భోజనాల దగ్గర, ఆయన తన అల్లుణ్ని కత్తితో పొడిచి చంపాడు. తనకు ఆయుధం తగలదని అల్లుడు గొప్పలు పోతే పరీక్షించబోయాడని అంటారు. లూథర్, మరికొందరు కల్పించుకోవడంతో ప్రాణం దక్కింది గానీ ఊరు విడిచి వెళ్లాల్సి వచ్చింది. ఆయన చేతికిచ్చిన పుస్తకంలో హత్య వద్దన్న ఆజ్ఞకూ నాలుగు పేటలున్నాయి.

పుస్తకం పనిచేయలేదనవచ్చు. కానీ ఒకసారి చదివితే చాలని లూథర్ అనలేదు. ఉదయం మొదటి పనిగా, రాత్రి చివరి పనిగా ప్రార్థించమన్నాడు. నిన్నటి ప్రార్థన ఇవాళ్టి కోపాన్ని ఆపుతుందని ఎవరూ హామీ ఇవ్వలేదు. విత్తువాని ఉపమానంలోనూ ముళ్లు మొలిచింది గింజ పడ్డ నేలలోనే. స్థిరమైన విశ్వాసం అంటే మనసు చెదరకపోవడం కాదు, చెదిరిన ప్రతిసారీ తిరిగి రావడం. ఎంతసేపు నిలిచామన్నది తర్వాతి లెక్క.

పది ఆజ్ఞలనూ ఒక్క పూటలో ముగించాలని కూడా ఆయన అనలేదు. మోయలేనంత ఎత్తుకుని అలసిపోవద్దనీ, ప్రార్థన పొడవు ముఖ్యం కాదనీ, తరచుగా, మనసు పెట్టి చేయడం ముఖ్యమనీ చెప్పాడు. పూటకు ఒక్క ఆజ్ఞ, నాలుగు ప్రశ్నలు చాలు. మిగతా తొమ్మిదీ ఎక్కడికీ పోవు.